రామదాసు చిలక

"అమ్మా, చిలకని కొనుక్కుందామే!" అని మా చిన్నది పేచీ మొదలుపెట్టి నెలయింది. పక్క వీధిలో ఎవరింట్లోనో పంజరం చూసొచ్చిందట. ఇక్కడ అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా పెరటి జామచెట్టు మీద రోజూ వాలేవి చాలవా అంటే, "అవి మాట్లాడవుగా" అంది.

నిజమే. మాట్లాడే చిలకంటే మనవాళ్ళకి ఏనాటినుంచో మోజు. మా ఊరి పేరు వింటే నాకు గుర్తొచ్చే గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో గవ్వాసీ అనే కవి 1639లో 'తూతీనామా'ని దక్కనీలో రాశాడు. తూతీ అంటే చిలక. మగడు పరదేశం పోతే, ఇల్లాలు గడప దాటకుండా రాత్రికో కథ చెప్పి ఆపుతుందది. దీనికి మూలం సంస్కృతంలోని 'శుకసప్తతి'. తెలుగులో ఆ పేరుతోనే పాలవేకరి కదిరీపతి కావ్యం చెప్పాడు. ఆడదానికి కాపలా పెట్టడానికి చిలకే దొరికిందా అని నాకు ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి. అన్ని కథలు చెప్పిన చిలకని, నీ కథేమిటని మాత్రం ఎవరూ అడగరు.

అడిగింది మన తెలుగు జనం. భద్రాచలంలో గుడి కట్టించినందుకు కంచెర్ల గోపన్నని తానీషా గోల్కొండ కోటలో బంధించాడు కదా. తానీషా గద్దెనెక్కింది 1672లో, ఔరంగజేబు కోటని పట్టుకున్నది 1687లో. ఆ నడుమనే రామదాసుకి పన్నెండేళ్ళ చెర అంటారు. అంతటి భక్తుణ్ణి రాముడు అన్నాళ్ళు ఎందుకు వదిలేశాడు? కిందటి జన్మలో ఆయన ఓ చిలకని పన్నెండేళ్ళు పంజరంలో పెట్టాడట. లెక్కకి లెక్క.

ఈ కథ నాకు చెప్పింది మా నాయనమ్మ. ఎలా చెప్పిందనుకున్నారు? పంజరంలోని తన చిలకకి పచ్చిమిరపకాయ అందిస్తూ! చిన్నతనంలో నాకందులో వింతేమీ తోచలేదు.

నాయనమ్మ పోయింది, చిలక ఉండిపోయింది. పొద్దున్నే అచ్చం ఆవిడ గొంతుతో "బిడ్డా, తలుపు తియ్యి" అనేది. అమ్మ ఉలిక్కిపడి లేచేది. చివరికి మా బాబాయి, పుణ్యమొస్తుందని పంజరం తలుపు తీసేశాడు. అది గోడదాకా ఎగిరి కిందపడింది. రెక్కలున్నాయి, ఎగిరే బలం లేదు. మేం చేరేలోపే పిల్లి చేరింది.

అందుకే మా చిన్నదాన్ని కూర్చోబెట్టి చెప్పాను. బాగా చూసుకుంటే చిలక పాతికేళ్ళు బతుకుతుంది. నువ్వు పెళ్ళయి వెళ్ళినా అది నన్నే పిలుస్తుంది, నేను పోయాక ఎవరిని పిలుస్తుందో! గుంపులో కలిసి తిరిగే పిట్ట. ఒంటరిగా ఉంచితే దిగులుతో తన ఈకలు తనే పీక్కుంటుంది. పైగా మన చిలకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. చెట్టుతొర్రలోంచి కళ్ళు తెరవని పిల్లల్ని లాక్కొస్తేనే కదా బజారుకి వచ్చేది! విదేశీ రకాలు కొందామా అంటే, వాటిలో చాలావాటిని 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. నమోదు చేయిస్తే మాత్రం ఒంటరితనం తీరుతుందా? ఇప్పటికే ఇంట్లో చిలక ఉన్నవాళ్ళు మా బాబాయిలా తలుపు తీసేయకండి. అటవీశాఖవాళ్ళకి అప్పగించండి.

ఇదంతా విని అది ఊఁ అనలేదు. సరే అని మొన్న ఆదివారం ఊరంతా దాటుకుని గోల్కొండకి తీసుకెళ్ళాను. రామదాసు బందిఖానాలో గోడమీది సీతారామలక్ష్మణుల బొమ్మలకి దండం పెట్టింది. ఆయనే చెక్కాడంటారు. తర్వాత ఈ గోడనుంచి ఆ గోడకి అడుగులు లెక్కపెట్టింది. బయటికొచ్చాక, "మరి నాయనమ్మ చిలకకి ఎన్నడుగులు?" అని అడిగింది.

అడుగులా! తిరిగి కూర్చునే చోటు, అంతే అన్నాను.

దారిలో మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఇంటికి రాగానే మాత్రం షరతు పెట్టింది. జామచెట్టు పైకొమ్మల కాయలు నేను కొయ్యకూడదట. పచ్చడికి కింది కొమ్మలవే.