శశికుమార్ (పాత్రికేయుడు)

శశికుమార్ కేరళకు చెందిన ప్రముఖ పాత్రికేయుడు, టెలివిజన్ నిర్మాత, చలనచిత్ర దర్శకుడు. దూరదర్శన్‌లో ఆంగ్ల వార్తలు చదివి ప్రసిద్ధులైన వీరు, ది హిందూ దినపత్రికకు పశ్చిమాసియా విలేఖరిగాను, పి.టి.ఐ. టెలివిజన్ విభాగంలో ముఖ్య నిర్మాతగాను పనిచేశారు. తొలి మలయాళ ఉపగ్రహ ఛానెల్ అయిన ఏషియానెట్‌ను స్థాపించారు. దీని ప్రసారాలు 1993లో మొదలయ్యాయి.

పాత్రికేయ విద్య

ఏషియానెట్ నుండి వైదొలగిన పిదప వీరు విలేఖరుల శిక్షణవైపు మళ్ళారు. లాభాపేక్ష లేని మీడియా డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 2000లో చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజాన్ని ప్రారంభించగా, దానికి వీరు అధ్యక్షత వహించారు. ఇక్కడి ఏడాది పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమాలో పత్రిక, రేడియో, టెలివిజన్, అంతర్జాల మాధ్యమాలతోపాటు పేదరికం, వివక్షలపై వార్తారచన కూడా పాఠ్యాంశమే. అందుకై విద్యార్థులు గ్రామాలకు వెళ్ళి, ఛానెళ్ళు తరచు విస్మరించే ప్రజల జీవితాన్ని స్వయంగా పరిశీలించి వ్రాస్తారు.