ఉప్పుకి తోడు పంచదార

పసిబిడ్డకి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే తాగే నీళ్ళు కూడా మానిపించడం మన ఇళ్ళలో చాలాకాలం సాగింది. "పోసింది పోసినట్టే పోతోంది, ఇంకా ఎందుకూ?" అనేవారు పెద్దవాళ్ళు. ఒంట్లో నీరింకి ఎందరో బిడ్డలు అలాగే దక్కకుండా పోయారు. ఉత్త నీళ్ళు పేగుకి పట్టవన్నమాట నిజమే. మరి ఏం కలిపితే పడతాయి?

మన ఒంట్లో ప్రతి జీవకణానికీ ఒక పల్చటి పొర ఉంటుంది. అది రెండు వరసల కొవ్వు గోడ అని 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు చెప్పారు. ఆ కొవ్వు మధ్య మాంసకృత్తులు తలుపుల్లా తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికొల్సన్ వివరించారు. నీళ్ళు ఎప్పుడూ ఉప్పు ఎక్కువున్న వైపుకే పోతాయి. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగేది అందుకే కదూ! కాని ఉప్పు మాత్రం తనంతట తాను ఆ కొవ్వు గోడ దాటలేదు. దానికి తలుపు కావాలి.

పేగులో ఒక తలుపు చిత్రమైనది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి 1960లో ప్రాగ్ నగరంలో రాబర్ట్ క్రేన్ బయటపెట్టాడు. లోపలికొచ్చిన సోడియాన్ని రక్తం వైపు తోడిపోసే పంపుని 1957లో డెన్మార్కు దేశస్థుడు స్కౌ కనిపెట్టాడు. ఆ పంపుకి శక్తినిచ్చేది ఏటీపీ అనే పదార్థం. 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి దాన్ని కండరంలో గుర్తించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

కలరా విషం ఉప్పునీటిని పేగులోకి తోడేస్తుందే గాని, ఆ జంట తలుపుని చెడగొట్టదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్లోని బొన్‌గావ్ శరణార్థుల దగ్గర సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో నింపి, రోగుల ఇంటివాళ్ళ చేతే తాగించారు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్నచోట చావులు నలుగురి లోపుకి దిగాయి.

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో గంజికి కొదవా? గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగా మారుతుంది గనక, కాస్త ఉప్పు వేసిన గంజి కూడా ఈ పనే చేస్తుంది. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలగొట్టి కొలవండి. ఉజ్జాయింపు పనికిరాదు. ఉప్పు గాని పంచదార గాని ఎక్కువైతే, ఊట దిగినట్టే ఒంట్లో నీరు పేగులోకి దిగుతుంది. కొద్దికొద్దిగా పట్టండి. చనుబాలు మానిపించకండి. కళ్ళు గుంటలు పడినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం ఆగినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, దారిలోనూ ఆ నీళ్ళు పడుతూనే ఉండండి.