చప్పట్ల నుంచి చాంద్రాయణగుట్ట దాకా

గోల్కొండ ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. కోటకు ఎవరో వచ్చారని పైవాళ్లకు చప్పున తెలియడానికే ఈ ఏర్పాటంటారు గైడ్లు. 1687లో మాత్రం అది అక్కరకు రాలేదు. నెలల తరబడి ఔరంగజేబు సైన్యానికి లొంగని కోట, లోపలివాళ్లే లంచానికి ఆశపడి తలుపు తీయడంతో చేజారింది.

చప్పట్లతో ఇంకో చిక్కుంది. శత్రువు వచ్చాడని తెలుస్తుంది గానీ, ఎక్కడున్నాడో తేలదు. అందుకు ఒక్క చెవి చాలదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఈ పనిని, పాతికేళ్లకే నోబెల్ అందుకున్న లారెన్స్ బ్రాగ్‌కు అప్పగించింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఫిరంగి మోత వరసగా పెట్టిన మైకులకు ఒక్కోదానికి ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాలను బట్టి ఫిరంగి ఎక్కడుందో లెక్కగట్టొచ్చు. కానీ అప్పటి మైకులు గుండు దూసుకొచ్చే పెళపెళనే పట్టేవి, ఫిరంగి బొంగురు మోతను వదిలేసేవి. విలియం టక్కర్ అనే కార్పొరల్ పడుకునే గుడిసె గోడకు చిల్లులుండేవి. ఫిరంగి పేలినప్పుడల్లా వాటిలోంచి చల్లగాలి మొహానికి కొట్టేది. వేడెక్కిన సన్నని ప్లాటినం తీగను ఆ గాలికి అడ్డం పెడితే? తీగ చల్లబడి, దాని విద్యుత్ నిరోధం మారిపోతుంది. 1916లో కొత్త మైకు అలా పుట్టింది.

తర్వాత వినాల్సినవి రేడియోలు, రాడార్లు అయ్యాయి. ఆ పని కోసమే పాతబస్తీ చాంద్రాయణగుట్టలో 1960ల మొదట్లో రక్షణ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్ వెలిసింది. ఒక యాంటెన్నా సంకేతం వచ్చే దిక్కు చెబుతుంది. మరోచోటి యాంటెన్నా తన దిక్కు చెబితే, మ్యాపు మీద రెండు గీతలూ కలిసేచోట శత్రువు ఉన్నట్టు. యాంటెన్నాలు పక్కపక్కనే ఉంటే గీతలు ఇంచుమించు సమాంతరంగా పోయి, కలిసే చోటు సరిగా తేలదు. మరీ దూరంగా పెడితే వాటిమధ్య కబురు నడపడం కష్టం. నెట్‌వర్క్ నడిపేవాళ్లకు రోజూ ఇదే తలనొప్పి.

డీఆర్‌డీఓ, బీఈఎల్, ఈసీఐఎల్, సైన్యపు సిగ్నల్స్ కోర్ కలిసి, శత్రు సంకేతాలను ఇలా పట్టేందుకు తయారుచేసిన ‘సంయుక్త’లో ఒక్కో వ్యవస్థకు 145 వాహనాలు. సంభాషణలు వినేందుకు మూడు విభాగాలు, రాడార్ల వంటి వాటికి రెండు. 150 కిలోమీటర్ల పొడవు, 70 కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతాన్ని అవి కనిపెట్టి ఉంటాయి.

నేల మీది యాంటెన్నాకు భూమి వంపు అడ్డొస్తుంది. ఆ అడ్డు లేకుండా పైనుంచి వినేందుకు 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్, 436 కిలోల ఉపగ్రహం ఎమిశాట్‌ను 748 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో పెట్టింది. అందులోని, రాడార్లను పసిగట్టే ‘కౌటిల్య’ పరికరం చాంద్రాయణగుట్ట వాళ్లదే. ఇస్రో మాత్రం ఎమిశాట్ విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలిచే ఉపగ్రహమని ఒక్క ముక్కతో సరిపెట్టింది.