సాలార్‌జంగు నిధి

జూబ్లీహిల్స్, ఫిలింనగరములలో చిత్రతారల గృహములను చూడబోవు పల్లెవాసులు మూసీనది దాటి సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలను గూడ దర్శింపవలెను.

1912లో నిజాము దివానైన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను తన సంపదను కళాఖండములకు, గ్రంథములకు వెచ్చించెను. 1876లో ఆయన తాతగారు రోమునగరమున కొనిన బెంజోనీ శిల్పము, ముసుగు రెబెక్కా, అందున్నది. చలువరాయియే పలుచని మేలిముసుగైనది!

అవివాహితుడైన ఆయన 1949లో కాలధర్మము నొందెను. పంచుకొనినచో ఆ నిధి చెదరిపోయెడిది. 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1958లో బంధువులు రాజీపడి సర్వస్వమును ప్రభుత్వమునకు సమర్పించిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసెను. 1968లో అది నేటి భవనమును చేరెను.

పంచిన పొలము గట్లపాలగును. పదుగురి కొసగిన విద్యాధనము తరుగదు. అటకలపై చెదలు తిను తాళపత్రములును గ్రంథాలయమును చేరుగాక!