బంగారం అడిగిన బడిపంతులు

1962 సెప్టెంబరు 3, జకార్తా. తెల్లారితే ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఊళ్లో మనవాళ్ల పేరు చెబితేనే జనం మండిపడుతున్నారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని పోటీలు ఆసియా క్రీడలెలా అవుతాయని మన ప్రతినిధి జి.డి.సోంధీ అడిగాడు. ఆ కోపం భారత రాయబార కార్యాలయం మీద పడింది. అక్కణ్నుంచి బంతి తన్నే కుర్రాళ్ల మీదికి మళ్లింది.

ఆ రాత్రి భారత జట్టును కూర్చోబెట్టి శిక్షకుడు చేసిన వ్యూహబోధ చాలా చిన్నది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నదాన్ని బట్టి, అది బోధ కూడా కాదు, కోరిక.

"మీ దగ్గర నాకో తోఫా కావాలి."

"చెప్పండి, రహీమ్ సాబ్."

"రేపు బంగారం గెలవండి."

సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కు అప్పటికి యాభై మూడేళ్లు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. సిగరెట్ మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

హైదరాబాదులో 1909 ఆగస్టు 17న పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, అక్కడి జట్టుకే ఆడాడు. ఆ తర్వాత బడిపంతులయ్యాడు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. శిక్షకుడిగా ఆయన గొప్పతనమంతా ఆ పంతులుతనంలోనే ఉందని నాకనిపిస్తుంది. వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ అప్పజెప్పే పిల్లవాణ్ని మంచి పంతులు మెచ్చుకుని ఊరుకోడు, రాని లెక్క దగ్గరికి లాక్కెళ్తాడు. రహీమ్ కూడా కుర్రాళ్లకు వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టాడు. కుడికాలి వాటంవాడు ఎడమకాలితోనే కొట్టాలి. డ్రిబ్లింగ్ చెయ్యకూడని పోటీలూ నడిపాడు. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని మురిసిపోయేవాడికి అక్కడ చోటు లేదు. వచ్చిన బంతి వచ్చినట్టే పక్కవాడికి వెళ్లిపోవాలి.

ఆ పాఠాలతో ఎదిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. మధ్యలో 1952లో, రహీమ్ శిక్షణలోనే ఉన్న భారత జట్టుకు హెల్సింకీ ఒలింపిక్స్‌లో తగిలిన దెబ్బ కూడా ఉంది. అక్కడ మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

ఆ జట్టులో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఉన్నాడు, పేదింటి కుర్రాడు. నగరానికి వచ్చి సాధన చెయ్యాలంటే సైకిల్ అద్దెకు కూడా డబ్బుల్లేవు. ఆ డబ్బు రహీమ్ సాబే ఇచ్చాడని బలరామ్ ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు.

మళ్లీ జకార్తాకు వద్దాం. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. రహీమ్ అతన్ని వెనక నుంచి తీసి ముందుకు పంపాడు, డిఫెండర్ని ఫార్వర్డ్ చేశాడు! దక్షిణ వియత్నాంతో సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు, మనం 3-2తో గట్టెక్కాం.

ఫైనల్లో మళ్లీ కొరియానే. దాదాపు లక్ష మంది మన జట్టు బంతి ముట్టుకుంటే చాలు అరుస్తున్నారు. గోల్‌లో జ్వరం నుంచి లేచి వచ్చిన పీటర్ తంగరాజ్. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ ఓ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకే తలకు కట్టుతో ఉన్న జర్నైల్ రెండోది కొట్టాడు. ఆట చివర్లో కొరియా ఒకటి తీర్చింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. 2-1. సారు అడిగిన తోఫా చేతికందింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశాడు. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఫుట్‌బాల్‌లోనే బతికాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

రహీమ్ కథ సినిమాగా వచ్చింది, 2024లో. పేరు 'మైదాన్'. హీరో అజయ్ దేవగణ్, నిర్మాత బోనీ కపూర్, భాష హిందీ. ఇక్కడ కాచిగూడ నుంచి ఆటో ఎక్కితే ఫిల్మ్‌నగర్ ఎంతసేపు? హీరోల కోసం అక్కడ రోజూ కథలు వండుతూనే ఉంటారు. కాచిగూడ పంతులు వాళ్ల కళ్లబడక ముందే ముంబయివాళ్లు వచ్చి పట్టుకుపోయారు.