లక్ష్మాగౌడ్ చిత్రకళ: స్వప్నరూపంలో తెలంగాణ పల్లె

ఆధునిక భారతీయ చిత్రకళలో తెలంగాణ గ్రామసీమకు విశిష్ట స్థానాన్ని సంపాదించి పెట్టిన వారిలో శ్రీ కలాల్ లక్ష్మాగౌడ్ అగ్రగణ్యులు. ఆయన 1940లో, నాటి హైదరాబాద్ సంస్థానంలోని మెదక్ జిల్లా నిజాంపూర్ గ్రామంలో జన్మించారు. తోలుబొమ్మలాటలు, మట్టిబొమ్మల తయారీ ఆయన బాల్యంలో చూచిన కళారూపాలు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లలిత కళల కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించిన పిదప 1963లో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చేరి, 1965 వరకు కుడ్యచిత్రణ, ముద్రణ చిత్రకళలలో శిక్షణ పొందారు.

బరోడాలో ఆయనకు గురువు కె.జి. సుబ్రమణ్యన్ (1924–2016). శాంతినికేతన్‌లో విద్య నేర్చిన సుబ్రమణ్యన్, జానపద వృత్తికళలకూ ఆధునిక కళకూ నడుమ అడ్డుగోడ ఉండరాదని విశ్వసించిన ఆచార్యుడు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఈ దృక్పథం ఎంతగానో ఉపకరించింది. కొత్త విషయం కోసం ఎక్కడికో వెళ్లవలసిన అవసరం ఆయనకు కలుగలేదు.

1960, 70 దశకాలలో లక్ష్మాగౌడ్ రూపొందించిన నలుపు తెలుపు రేఖాచిత్రాలు, ఎచింగులు ఆయన కళకు ఆయువుపట్టు. వీటిలో మనుషులు, మేకలు, చెట్టుచేమలు వేర్వేరుగా నిలువవు. ఒక దేహం మరొక దేహంలోనికి, కొమ్మ అవయవంలోనికి, అవయవం రాతిలోనికి ఒదిగిపోతాయి. కలలో ఒక వస్తువు మరొకటిగా మారినా చూచేవారికి ఆశ్చర్యం కలుగనట్లే, ఈ చిత్రాలలోనూ ఆ మార్పు సహజంగానే తోస్తుంది. అయితే తలపాగా, ముక్కుపుడక, మెడలోని నగలు, గడపలోని కట్టడం మాత్రం కచ్చితమైన తెలంగాణ వివరాలు.

స్త్రీపురుషుల కోరికను కూడా ఆయన దాపరికం లేకుండా చిత్రించారు. ఈ కారణంగా వీటిని కేవలం శృంగార చిత్రాలుగా పేర్కొనడం కద్దు. అది సముచితం కాదు. పశుపక్ష్యాదుల నడుమ జీవించే పల్లెలో దేహం పట్ల ఉండే నిస్సంకోచానికీ, నగర మధ్యతరగతి మర్యాదలకూ మధ్య గల అంతరమే ఈ చిత్రాలకు మూలబలం. అలాగని ఆ ప్రస్తావనే విడిచి, 'పల్లె అందాల చిత్రకారుడు' అని సరిపెట్టడమూ ఆయనకు అన్యాయమే. ఆ దేహాలలో ఆనందంతో పాటు భయమూ, ఏకాంతమూ ఉన్నాయి.

ఎచింగ్ విషయమై పత్రికలలో తరచు పొరపాటు దొర్లుతుంటుంది. రాగి లేదా జింకు పలకపై మైనపు పూత పూసి, సూదితో గీతలు గీసి, పలకను ఆమ్లద్రావణంలో ముంచుతారు. పూత తొలగిన చోట లోహం కరిగి గాడి ఏర్పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతై గీత చిక్కనవుతుంది. సిరా నింపి, పైభాగం తుడిచి, తడిపిన కాగితంతో కలిపి యంత్రపు రోలర్ల నడుమ ఒత్తుతారు. పలకపై కుడివైపు గీచినది కాగితంపై ఎడమవైపు వస్తుంది. రాల్ పొడి చల్లి చేసే ఆక్వాటింట్ పద్ధతిలో గీతలకు బదులు నీడల ఛాయలు లభిస్తాయి. ఈ విధంగా పలక నుంచి కళాకారుడు తీసి, సంఖ్య వేసి, సంతకం చేసిన ప్రతి ముద్రణా మూలకృతియే. దానిని 'నకలు' అని వ్రాయరాదు.

తరువాతి కాలంలో ఆయన రచనలలో రంగులు ప్రవేశించాయి. జలవర్ణాలు, గాజుపలక వెనుక వేసే చిత్రాలు, టెర్రకోట, కంచు శిల్పాలు వెలువడ్డాయి. గ్రామీణ స్త్రీపురుషుల ముఖచిత్రాలు జనాదరణ పొందాయి. వీటిలో అలంకరణ హెచ్చింది, తొలినాటి కలవరం తగ్గింది. ఆయన కళాశక్తిని గ్రహించదలచినవారు ముందుగా నలుపు తెలుపు రచనలనే చూడవలసి ఉంటుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో లలిత కళల బోధనకు పునాది వేసినవారిలో లక్ష్మాగౌడ్ ఒకరు. 2001 వరకు అక్కడ ఆచార్యులుగా పనిచేశారు. భారత ప్రభుత్వం 2016లో ఆయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల సేకరణలో ఆయన కృతులు ఉన్నాయి.

కాగితంపై గల ఇటువంటి కృతులను కార్యాలయాలలో అలంకరించేటపుడు నేరుగా ఎండ పడే గోడను, చెమ్మ గల గోడను పరిహరించవలసి ఉంటుంది. ఎండకు కాగితం పసుపు వారుతుంది, తేమకు బూజు పడుతుంది. చిత్రం అద్దానికి తాకకుండా నడుమ ఆమ్లరహిత అట్టను అమర్చడం అవసరం.