చైనా పిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారు?

మనది తెలుగు మీడియం బడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, అంగడికి పోతే తమిళం, పక్క రాష్ట్రానికి బస్సెక్కితే కన్నడం. పై చదువు మాత్రం ఇంగ్లీషులోనే అంటారు. "తెలుగు మీడియంలో చదివినోళ్లకి ఇంగ్లీషు వస్తుందా?" అని చుట్టాలు అడగని పండగ లేదు. అందుకే ఈసారి చరిత్ర వ్యాసానికి నేను ఒక ప్రశ్న తీసుకున్నాను. మనకన్నా ఇంగ్లీషుకు ఎంతో దూరమైన భాష మాట్లాడే చైనావాళ్లు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారు? నేర్చుకున్న తర్వాత వాళ్ల సొంత భాష ఏమైంది?

రేవులో పుట్టిన ఇంగ్లీషు

1757 తర్వాత ఐరోపా వర్తకులు చైనాలో ఒక్క కాంటన్ రేవులోనే వ్యాపారం చేయాలని చక్రవర్తి ఆజ్ఞ. పట్టు, పింగాణీ, తేయాకు అన్నీ అక్కడి నుంచే ఓడ ఎక్కేవి. కానీ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. పైగా విదేశీయులకు చైనా భాష నేర్పడం ప్రమాదమైన పని. 1759లో ఒక ఇంగ్లీషు వర్తకుడికి వినతిపత్రం రాసిపెట్టాడని ఒక చైనా మనిషికి మరణశిక్ష వేశారు.

అందువల్ల రేవులో ఒక కొత్త రకం ఇంగ్లీషు పుట్టింది. దాన్ని పిడ్జిన్ ఇంగ్లీషు అంటారు. మాటలు ఇంగ్లీషువి, అల్లిక చైనాది. చైనా భాషలో "ఇద్దరు మనుషులు" అనాలంటే అంకెకీ మనిషికీ మధ్య ఒక లెక్క మాట పెట్టాలి. అందుకే పిడ్జిన్‌లో "టూ పీసీ మ్యాన్" అనేవాళ్లు. ఇది వింటే నవ్వొస్తుంది. కానీ ఆ మాటలతోనే అంత పెద్ద వ్యాపారం జరిగింది.

ఈ ఇంగ్లీషు నేర్చుకోవడానికి చిన్న చిన్న పుస్తకాలు అమ్మేవాళ్లు. ఐరోపావాళ్లను అక్కడ "ఎర్ర జుట్టువాళ్లు" అనేవారు కాబట్టి, వాటికి "ఎర్ర జుట్టువాళ్ల మాటలు" అనే అర్థం వచ్చే పేర్లు ఉండేవి. అందులో ఒక చైనా మాట, దాని కింద ఇంగ్లీషు మాట ఉంటుంది. అయితే ఆ ఇంగ్లీషు మాట కూడా చైనా అక్షరాల్లోనే! ఏ అక్షరం పలికితే ఇంగ్లీషు శబ్దానికి దగ్గరగా వస్తుందో ఆ అక్షరం రాశారు. మన క్లాసులో ఇంగ్లీషు పాఠం మీద పెన్సిల్‌తో తెలుగులో "నాలెడ్జి", "బ్యూటిఫుల్" అని రాసుకుంటాం కదా, అదే పద్ధతి. కాంటన్ గుమాస్తాలు మనకన్నా చాలా ముందే ఆ పని చేశారు.

ఇంగ్లీషు రాకపోతే ఏం పోతుంది?

ఈ ప్రశ్నకు చైనాకు చాలా కఠినమైన జవాబు దొరికింది. 1839లో నల్లమందు వ్యాపారం ఆపడానికి కాంటన్ వచ్చిన లిన్ జెషు అనే అధికారి, ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఇంగ్లీషు పత్రికలను అనువాదం చేయించాడు. ఆ పని చేయగలవాళ్లు అప్పుడు అతి తక్కువ. తర్వాత నల్లమందు యుద్ధాల్లో చైనా ఓడిపోయింది.

1858లో బ్రిటన్‌తో తియన్‌జిన్ ఒప్పందం కుదిరింది. అందులో 50వ నిబంధన చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు. బ్రిటిష్ అధికారులు ఇకమీద ఇంగ్లీషులోనే రాస్తారు. కొంతకాలం దాంతోపాటు చైనా భాషలో కూడా ఒక ప్రతి ఇస్తారు. రెండింటికీ అర్థంలో తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే సరైనది. అంటే తన దేశానికి సంబంధించిన ఒప్పందంలో ఏముందో తెలియాలన్నా చైనా ఎదుటివాళ్ల భాష చదవాల్సిందే. చదవలేనివాడు సంతకం చేసి ఎదుటివాణ్ని నమ్ముకోవాలి. మన తాతల కాలంలో కాగితం చదవలేక వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్నవాళ్ల కథలు ఊళ్లో చెప్తారు. ఇక్కడ ఒక దేశానికే ఆ స్థితి వచ్చింది.

అందుకే 1862లో బీజింగ్‌లో టుంగ్‌వెన్ గ్వాన్ అనే విదేశీ భాషల బడి తెరిచారు. మొదట చేరింది పదిమంది పిల్లలే. మంచూ రాజుల సైన్యానికి చెందిన కుటుంబాల పిల్లలు వాళ్లు. తెల్లవాళ్ల భాష నేర్చుకోవడం తక్కువ పని అని పెద్ద కుటుంబాలవాళ్లు ముఖం తిప్పుకొనేవాళ్లు. ఆ మొదటి పిల్లల్లో జాంగ్ దెయి అనే అబ్బాయి వయసు 15 ఏళ్లు. సరిగ్గా నా వయసే. అతను 1866లోనే ఐరోపా చూసి వచ్చాడు, తన ప్రయాణాల గురించి దినచర్యలు రాశాడు. 1891లో ఇరవై ఏళ్ల గ్వాంగ్‌షు చక్రవర్తి ఇంగ్లీషు నేర్చుకోవాలనుకున్నప్పుడు పాఠం చెప్పడానికి పిలిచింది ఈ జాంగ్ దెయినే. ఏ భాషను చూసి పెద్దవాళ్లు ముఖం తిప్పుకొన్నారో ఆ భాషను ముప్పై ఏళ్లు తిరగకముందే చక్రవర్తే కూర్చొని నేర్చుకున్నాడు.

యుంగ్ వింగ్ కథ

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది యుంగ్ వింగ్ కథ. ఆయన 1828లో మకావు దగ్గర ఒక పల్లెలో పేద ఇంట్లో పుట్టాడు. ఏడేళ్లకే మకావులో ఒక మిషనరీ అమ్మ నడిపే బడిలో చేరాడు. తర్వాత మారిసన్ బడిలో చదివాడు. 1807లో చైనా చేరి, చైనా–ఇంగ్లీషు నిఘంటువు తయారుచేసిన రాబర్ట్ మారిసన్ పేరు మీద పెట్టిన బడి అది. 1847లో ఆ బడి ఉపాధ్యాయుడు అమెరికా తిరిగి వెళ్తూ ముగ్గురు పిల్లల్ని వెంట తీసుకెళ్లాడు. అందులో యుంగ్ వింగ్ ఒకడు.

ఆయన యేల్ కళాశాలలో చేరి 1854లో పట్టా తీసుకున్నాడు. అమెరికాలో పట్టా పొందిన మొదటి చైనా విద్యార్థి ఆయనే. అక్కడ చదివేటప్పుడు ఇంగ్లీషు వ్యాసరచనలో అమెరికా పిల్లలను దాటి బహుమతులు గెలిచాడు. ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. ఆ కళాశాలకు యేల్ అనే పేరు వచ్చింది మన చెన్నైలోని సెయింట్ జార్జి కోటకు 1687 నుంచి 1692 దాకా గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ వల్లనే. ఆయన పంపిన సరుకులు అమ్మి ఆ కళాశాలకు డబ్బు సమకూర్చుకున్నారు.

ఇక అసలు విషయం. యుంగ్ వింగ్ పట్టా తీసుకుని ఓడలో తిరిగి వస్తున్నాడు. హాంగ్‌కాంగ్ దగ్గర పడింది. దారి చూపడానికి ఒక చైనా నావికుడు ఓడ ఎక్కాడు. ఈ చుట్టుపక్కల ప్రమాదమైన రాళ్లు ఉన్నాయేమో అడగమని కెప్టెన్ యుంగ్ వింగ్‌కు చెప్పాడు. యుంగ్ వింగ్ నోరు తెరిచాడు. మాట రాలేదు! ఆ రాళ్లను చైనా భాషలో ఏమంటారో గుర్తుకు రాలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఈ సంగతి ఆయనే 1909లో వచ్చిన తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. తర్వాత కాంటన్‌లో కూర్చొని నెలల తరబడి తన భాష మళ్లీ నేర్చుకున్నాడు. బహుమతులు తెచ్చిన ఇంగ్లీషు ఉన్నా, సొంత రేవులో సొంత మనిషితో మాట్లాడలేకపోయాడు.

నూటఇరవై మంది పిల్లలు

యుంగ్ వింగ్ తనకు దొరికిన చదువు ఇంకా చాలామందికి దొరకాలని ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగాడు. చివరికి ప్రభుత్వం ఒప్పుకుంది. 1872 నుంచి 1875 దాకా ఏడాదికి 30 మంది చొప్పున 120 మంది అబ్బాయిలను అమెరికా పంపింది. చాలామందికి 12 ఏళ్ల వయసు. 15 ఏళ్లపాటు అక్కడే చదవాలని ఒప్పందం. పిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున అమెరికా కుటుంబాల ఇళ్లలో పెట్టారు. కాబట్టి ఇంగ్లీషు వాళ్లకు పాఠంగా కాక, అన్నం దగ్గరా ఆటల దగ్గరా వచ్చింది. బేస్‌బాల్ కూడా బాగా ఆడేవాళ్లు. చైనా భాష మరిచిపోకూడదని హార్ట్‌ఫర్డ్ నగరంలో వాళ్లకు చైనా పాఠాలు కూడా పెట్టారు. ఇంగ్లీషు తేలిగ్గా ఎక్కింది, చైనా పాఠాలు మాత్రం భారమయ్యాయి.

పిల్లలు మన పద్ధతులు మరిచిపోతున్నారు అని పై అధికారులకు ఫిర్యాదులు వెళ్లాయి. అమెరికా సైనిక విద్యాలయాల్లో వాళ్లను చేర్చుకోకపోవడం ఇంకో కారణం. 1881లో అందరినీ వెనక్కి పిలిచేశారు. చాలామంది చదువు సగంలో ఆగిపోయింది. అయినా వాళ్లలో ఒకడైన జాన్ తియన్యూ అప్పటికే పట్టా తీసుకున్నాడు. బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌ దాకా కొండల మధ్య రైలుదారిని 1905–1909లో విదేశీ ఇంజనీర్లు లేకుండా కట్టించింది ఆయనే.

వ్యాకరణం, వినికిడి

చైనావాళ్లకు ఇంగ్లీషు ఎందుకు కష్టం? చైనా భాషలో క్రియ మారదు. "నిన్న నేను పో, రేపు నేను పో" అన్నట్టే ఉంటుంది, కాలం తెలిపే మాట వేరేగా ఉంటుంది. ఒకటైనా పదైనా నామవాచకం మారదు. ఇంగ్లీషులో "హి", "షి" అని వేరుగా అంటారు. చైనాలో రెండింటికీ ఒకటే శబ్దం, "తా". రాతలో "ఆమె"కు వేరే అక్షరం వాడాలని 1920లో లియు బన్‌నుంగ్ అనే రచయిత వ్యాసం రాశాడు. ఐరోపా భాషలు చదివినందువల్ల సొంత రాతే కొంచెం మారింది!

మన తెలుగులో చూడండి. "ఆమె వచ్చింది, ఆవు వచ్చింది" అంటాం, క్రియ ఒకటే. "ఎ", "ది" అనే ఆర్టికల్స్ మనకూ లేవు, వాళ్లకూ లేవు. కానీ కాలాన్ని బట్టి క్రియ మారడం మనకు పుట్టుకతో తెలుసు. "పోయాను, పోతాను" తెలిసినవాడికి "వెంట్, విల్ గో" అంత వింత కాదు. ఈ విషయంలో మనం చైనా పిల్లలకన్నా అదృష్టవంతులం.

వినికిడి సంగతికి వస్తే, బీజింగ్ చైనా భాషలో మాట చివర అచ్చు గానీ, న, ఙ లాంటి శబ్దాలు గానీ వస్తాయి. చివర క, ట, స ఉంటే చెవి పట్టదు, నాలుక తిరగదు. మనమూ "బస్", "రోడ్" అనలేక "బస్సు", "రోడ్డు" చేసుకున్నాం. వాళ్లు చాక్లెట్టును "చియావొకలీ" చేసుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది. మనం రోజూ అనే "టీ", "చాయ్" రెండూ చైనా మాటల నుంచి వచ్చినవే.

రేడియో, టీవీ, పార్కు

1949 తర్వాత చైనా బడుల్లో రష్యన్ భాషకు మొదటి స్థానం ఇచ్చారు. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక విదేశీ రేడియో వినడమే నేరమైంది, విదేశీ భాషల ఉపాధ్యాయులను అనుమానంగా చూశారు. పదేళ్లకు పైగా ఆగిన కళాశాల ప్రవేశ పరీక్ష 1977 చలికాలంలో మళ్లీ పెడితే సుమారు 57 లక్షల మంది రాశారు. సీటు దొరికింది సుమారు 2 లక్షల 70 వేల మందికే.

అప్పటి నుంచి ఇంగ్లీషు ఒక ఉద్యమంలా సాగింది. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు 1959 నుంచి సుమారు 1,500 మాటలతోనే, నెమ్మదిగా చదివే వార్తలు ప్రసారం చేసేవాళ్లు. చైనాలో ఎందరో విద్యార్థులు షార్ట్‌వేవ్ రేడియోకు చెవి ఆనించి అవి విని రాసుకున్నారు. 1982లో చైనా టీవీలో "ఫాలో మి" అనే బీబీసీ పాఠాలు మొదలయ్యాయి. షాంఘై పీపుల్స్ పార్కులో ఆదివారాలు జనం గుమిగూడి ఒకరితో ఒకరు ఇంగ్లీషు మాట్లాడుకొనేవాళ్లు. దాన్ని "ఇంగ్లీష్ కార్నర్" అన్నారు. అక్కడ దొర ఉండనక్కర్లేదు, ఫీజు లేదు. హాంగ్‌జౌలో ఒక అబ్బాయి విదేశీ యాత్రికులకు ఊరు ఉచితంగా చూపిస్తూ ఏళ్ల తరబడి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాడు, మూడోసారి సీటు తెచ్చుకుని ఇంగ్లీషు టీచరయ్యాడు. ఆయనే తర్వాత అలీబాబా సంస్థ పెట్టిన జాక్ మా.

మనకు ఇందులో ఏముంది?

చైనాలో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చైనా మీడియంలోనే చదివారు. లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ సొంత భాషలో నేర్చుకుని, ఇంగ్లీషును విడిగా చదివి, విని, పలికి సాధించారు. కాబట్టి తెలుగు మీడియం అయితే ఇంగ్లీషు రాదు అనే మాటకు చరిత్రలో ఆధారం లేదు. ఆ మాట అడిగే చుట్టాలకు తల్లిదండ్రులు ఇదే చెప్పాలని నా మనవి.

అలాగే 50వ నిబంధనను చూసిన తర్వాత ఇంగ్లీషు వద్దు అని కూడా అనలేం. రెండూ కావాలి. మన బడిలో శుక్రవారం చివరి పీరియడ్‌లో చెట్టు కింద షాంఘై పార్కు లాంటిది పెట్టుకోవచ్చు. ఎవరూ నవ్వకూడదు అనేది ఒక్కటే నియమం.

నా వరకు నేను రోజూ ఒక పేజీ ఇంగ్లీషు గట్టిగా చదువుతున్నాను. చదివింది రాత్రి అన్నాల తర్వాత మా అవ్వకు తెలుగులో చెప్తాను. అవ్వకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమెకు అర్థమైతే నాకు ఆ పేజీ వచ్చినట్టు. యుంగ్ వింగ్ ఓడ కథ చెప్పినప్పుడు అవ్వ అడిగింది, "ఆ రాళ్లను మనమేమంటాం రా?" అని. వెతికాను. నీళ్లలో మునిగి, పైకి కనపడని రాళ్లను తెలుగులో "మునిగిన బండలు" అంటే చాలు అనుకున్నాను. అవ్వ మాత్రం చెరువులో అట్లాంటి రాయికి తన చిన్నప్పుడు వేరే మాట ఉండేదని, గుర్తొస్తే చెప్తానని అంది. ఆ మాట కోసం నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.